జులై ఒకటికి నీకెన్నేళ్ళు?

2022 మార్చి నెలాఖరు. ఫ్రాన్స్‌లోని మోంపెల్లియే నగరంలో ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. అమెరికా తరఫున ఈ పోటీలో మొదటిసారి దిగిన ఇలియా మాలినిన్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో నాలుగో స్థానంలో నిలిచి అందరి కళ్ళూ తనవైపు తిప్పుకున్నాడు. రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో తడబడి చివరికి తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. సరిగ్గా మూడు వారాలకు ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో అదే కుర్రాడు మళ్ళీ మంచు మీదికి వచ్చాడు. ఈసారి పోటీ ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్. 276.11 పాయింట్లు సాధించాడు. జూనియర్లలో అప్పటిదాకా ఎవరూ అంత స్కోరు చేయలేదు. రెండో స్థానంలో నిలిచిన కజక్‌స్థాన్ కుర్రాడు మిఖాయిల్ షైదొరోవ్ నలభై పాయింట్లకు పైగా వెనకబడ్డాడు. ఈ షైదొరోవ్ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

పెద్దవాళ్ళ పోటీ ఆడి వచ్చినవాడు పిల్లల పోటీకి వెళ్ళడమేమిటి? ఆ ఏడాది జూనియర్ పోటీ వాయిదా పడి ఏప్రిల్‌కు జరగడంతో వరస తిరగబడింది. మామూలుగా జూనియర్ ముందు, సీనియర్ తర్వాత. కానీ వరస ఏదైనా, ఒకే శీతాకాలంలో ఒకే మనిషి రెండు చోట్లా పోటీ పడటం ఫిగర్ స్కేటింగ్‌లో వింత కాదు. ఒక మెట్టు ఎక్కాక కింది మెట్టు మీద కాలు పెట్టకూడదన్న పట్టింపు ఇక్కడ లేదు. పట్టింపంతా ఒక తేదీ మీద.

ఆ తేదీ జులై 1. స్కేటింగ్ సీజన్ ఆ రోజున మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్, అంటే ఐఎస్‌యూ నిబంధన ప్రకారం సింగిల్స్‌లో జులై 1 నాటికి పదమూడు నిండి, పంతొమ్మిది నిండనివాళ్ళు జూనియర్లు. జోడీల్లో పై హద్దు ఇంకాస్త ఎక్కువ. సీనియర్‌గా ఆడాలంటే ఇప్పుడు అదే తేదీకి పదిహేడు నిండాలి. సీజన్ మధ్యలో పుట్టినరోజు ఎంత ఘనంగా చేసుకున్నా లెక్కలోకి రాదు.

లెక్క వేసి చూడండి. రెండు తలుపులూ తెరిచి ఉండే వయసు పదిహేడు, పద్దెనిమిది. అంటే సింగిల్స్‌లో ఎవరికైనా కచ్చితంగా రెండే సీజన్లు. 2022కు ముందు సీనియర్ హద్దు పదిహేను కాబట్టి నాలుగు సీజన్లు ఉండేవి. హద్దు పెంచారని అందరూ చెప్పుకున్నారు గానీ, దానివల్ల ఈ అటూఇటూ తిరిగే కాలం సగానికి తగ్గిందన్న సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మాలినిన్ పుట్టింది 2004 డిసెంబర్ 2న. 2021 జులై 1కి అతనికి పదహారే. నేటి నిబంధన ఆనాడే ఉంటే మోంపెల్లియే ప్రయాణమే లేదు. జపాన్‌కు చెందిన షోమా ఉనో 2015లో ఒకే సీజన్‌లో సీనియర్ ఫోర్ కాంటినెంట్స్ పోటీలో ఐదో స్థానం, ప్రపంచ జూనియర్ టైటిల్ రెండూ అందుకున్నాడు. అతనికీ అప్పుడు జులై 1 లెక్క ప్రకారం పదహారే.

అరనిమిషం తేడా

బయటి నుంచి చూస్తే జూనియర్, సీనియర్ పోటీలు ఒకేలా కనిపిస్తాయి. అదే మంచు, అదే సంగీతం, అవే మెరుపుల దుస్తులు. తేడా లోపల ఉంటుంది. షార్ట్ ప్రోగ్రామ్ ఇద్దరికీ 2 నిమిషాల 40 సెకన్లే. ఫ్రీ స్కేట్ మాత్రం జూనియర్లకు మూడున్నర నిమిషాలు, సీనియర్లకు నాలుగు. అరనిమిషమే కదా అనిపిస్తుంది. కానీ మూడు నిమిషాలు దాటాక కాళ్ళు సీసంలా బరువెక్కే దశలో ఆ ముప్పై సెకన్లు ఎంత పొడుగో ఆడేవాళ్ళకే తెలుసు. జూనియర్ షార్ట్‌లో నాలుగు చుట్ల జంప్‌లు, అంటే క్వాడ్‌లు, అబ్బాయిలకూ నిషిద్ధమే. పైగా ఒంటిగా చేయాల్సిన జంప్ ఏదో సీజన్ సీజన్‌కూ ఐఎస్‌యూనే నిర్ణయిస్తుంది. ఒక ఏడు లుట్జ్ అంటే అందరూ లుట్జే. సీనియర్‌లో ఆ ఎంపిక ఆటగాడిది.

కాబట్టి రెండు చోట్లా ఆడేవాళ్ళకు ఒకే పాటకు రెండు కోతలు ఉంటాయి. షార్ట్‌లో సీనియర్ కోసం పెట్టుకున్న క్వాడ్‌ను జూనియర్ పోటీకి తీసేసి దాని స్థానంలో మరో జంప్ పెట్టాలి. ఫ్రీలో అరనిమిషం సంగీతం కత్తిరించాలి. కత్తిరించిన చోట పాట అతుకుబొంతలా వినిపించకూడదు. నెలల తరబడి ఒక తాళానికి అలవాటుపడ్డ కాళ్ళకు రెండు వారాల్లో ఇంకో తాళం నేర్పాలి. కోచ్‌లకు ఇదో తలనొప్పి, కొరియోగ్రాఫర్లకు ఇంకో తలనొప్పి. దీని గురించి టీవీ వ్యాఖ్యాతలు దాదాపు మాట్లాడరు. నా ఉద్దేశంలో మాత్రం రెండు స్థాయిల్లో ఆడే పిల్లల అసలు నైపుణ్యం కనిపించేది జంప్‌లో కన్నా ఈ మార్పిడిలోనే.

ఇక జడ్జీలు. జంప్‌లకు నిర్ణీత విలువలున్నాయి కాబట్టి అక్కడ పక్షపాతానికి చోటు తక్కువ. భంగిమ, వేగం, సంగీతంతో పొందిక లాంటివాటికి వేసే మార్కుల దగ్గర మాత్రం జూనియర్ పోటీలో జడ్జీల చెయ్యి కాస్త బిగుతుగానే ఉంటుంది. సీనియర్ పోటీలో ఒకసారి పేరు తెచ్చుకుని వచ్చిన కుర్రాడికి జూనియర్ పోటీలో ఆ చెయ్యి కొంచెం వదులవుతుందని చూసేవాళ్ళకు అనుమానం. నాకూ ఆ అనుమానం ఉంది.

కావో మియురా కథ ఇక్కడే చెప్పుకోవాలి. జపాన్ కుర్రాడు, 2005 జూన్ 8న పుట్టాడు. అంటే జులై 1 గీతకు మూడు వారాలు ఇవతల. 2022-23 సీజన్‌లో సీనియర్ గ్రాండ్ ప్రీ పోటీలు ఆడి స్కేట్ అమెరికాలోనూ, స్కేట్ కెనడాలోనూ రజతాలు గెలిచాడు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన ఫోర్ కాంటినెంట్స్ చాంపియన్‌షిప్‌లో స్వర్ణం. ఐరోపా మినహా తక్కిన ప్రపంచమంతా ఆడే సీనియర్ పోటీ అది. మరి సీనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్ళి ఉండాలి కదా? వెళ్ళలేదు. జపాన్ జట్టును డిసెంబర్ జాతీయ పోటీల తర్వాతే ఎంపిక చేసేశారు. మూడు చోట్లు ముగ్గురు పెద్దలకు దక్కాయి. దాంతో మియురా కెనడాలోని కాల్గరీకి, ప్రపంచ జూనియర్ పోటీకి వెళ్ళి అక్కడా స్వర్ణం పట్టుకొచ్చాడు. ఒకే సీజన్‌లో ఆ రెండు టైటిళ్ళూ గెలిచిన మగవాడు అంతకు ముందు లేడు.

జపాన్‌లాంటి దేశంలో ఇదొక విచిత్రమైన పరిస్థితి. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళు డజను మంది ఉంటే చోట్లు మూడే. సీనియర్‌గా గెలుస్తున్న కుర్రాడికి కూడా సీజన్ చివర పెద్ద పోటీ ఒకటి కావాలంటే జూనియర్ తలుపే దిక్కు. దానికి నేరుగా వ్యతిరేకం జార్జియా. ఉన్నవాళ్ళే కొద్దిమంది కాబట్టి అన్ని చోట్లా వాళ్ళే ఆడాలి. జోడీల్లో ఆడే లూకా బెరులావా 2022లో కరీనా సఫీనాతో కలిసి బీజింగ్ ఒలింపిక్స్‌లో దిగాడు. అదే సీజన్‌లో ఆ ఇద్దరూ ప్రపంచ జూనియర్ చాంపియన్లు కూడా అయ్యారు. తర్వాత జోడీ మారింది. అనస్తాసియా మెతెల్కినాతో 2023 డిసెంబర్‌లో బీజింగ్‌లో జూనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచాడు. 2024 జనవరిలో లిథువేనియాలోని కౌనస్‌లో సీనియర్ యూరోపియన్ రజతం, ఆ వెంటనే తైపేలో మళ్ళీ ప్రపంచ జూనియర్ స్వర్ణం. యూరప్ సీనియర్లలో రెండో జోడీ, ప్రపంచ జూనియర్లలో మొదటి జోడీ, అదీ నెలన్నర తేడాలో!

ఎముకలు లేని ఆట కాదు

చదరంగాన్ని తీసుకోండి. మన దగ్గర కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అంతకు ముందు ఏడాదే ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచింది. పెద్దల టోర్నీలో ఎప్పుడు ఆడాలి, పిల్లల టోర్నీలో ఎప్పుడు ఆడాలి అన్నది ఆ కుటుంబం నిర్ణయించుకుంది. చదరంగంలో కనీస వయసంటూ ఏమీ అడ్డు పెట్టరు. బల్లకు అటు పన్నెండేళ్ళ పాప, ఇటు యాభై ఏళ్ళ గ్రాండ్‌మాస్టర్ కూర్చున్నా ఎవరి మోకాలికీ ప్రమాదం లేదు. స్కేటింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. కారణం ఒళ్ళు.

క్వాడ్ జంప్‌లో ఆటగాడు గాలిలో ఉండేది సెకనులో మూడొంతుల లోపే. ఆ రెప్పపాటులో నాలుగు చుట్లు తిరగాలి. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరే జంప్, దిగేది వెనక్కే కాబట్టి దానికి ఇంకో అరచుట్టు అదనం. ఎత్తుకు ఎగరడం ఒక దారి, వేగంగా తిరగడం ఇంకో దారి. పద్నాలుగేళ్ళ ఆడపిల్లకు రెండో దారి సులువు. సన్నటి భుజాలు, ఇంకా విచ్చుకోని తుంటి, తక్కువ బరువు, అన్నీ అక్షానికి దగ్గరగా ఉండటంతో బొంగరంలా తిరిగిపోతుంది. ఏడాదిన్నర తర్వాత అదే పిల్లకు అదే బలంతో అదే జంప్ రాదు. తప్పు ఆమెది కాదు, పెరగడం ఆమె ఒంటి పని. ఇక దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల దెబ్బ ఒక్క కాలి మీద, సన్నటి బ్లేడు మీద పడుతుంది. ఇంకా గట్టిపడని ఎముకల మీద రోజుకు పదుల సార్లు అదే దెబ్బ.

ఈ ఆక్సెల్, లుట్జ్, శాల్కో జంప్‌లు మనవాళ్ళకు మరీ కొత్తవి కావు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు, 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. అతను తిరిగింది ఆ జంప్‌లే, కాకపోతే చక్రాల మీద.

జూన్‌లో పుట్టినవాళ్ళు, సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ళు

ఈ జులై 1 తేదీ ఎవరి జాతకం ఎలా మార్చిందో చూడాలంటే 2005 డిసెంబర్‌కు వెళ్ళాలి. టోక్యోలో సీనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్. పదిహేనేళ్ళ మావో అసాదా మూడు చుట్లన్నర ట్రిపుల్ ఆక్సెల్‌తో బరిలోకి దిగి, అప్పటి ప్రపంచ చాంపియన్ ఇరీనా స్లుత్‌స్కాయాను ఓడించింది. రెండు నెలల్లో టురిన్ ఒలింపిక్స్. కానీ అసాదా పుట్టింది 1990 సెప్టెంబర్ 25న. 2005 జులై 1కి ఆమెకు పదిహేను నిండలేదు. మూడు నెలలు కూడా లేని తేడా. గ్రాండ్ ప్రీకి అప్పట్లో పద్నాలుగు చాలు, ఒలింపిక్స్‌కు చాలదు. ప్రపంచంలో అందరికన్నా మిన్న అని నిరూపించుకున్న పిల్ల ఒలింపిక్స్ జరిగిన శీతాకాలంలోనే స్లొవేనియాలోని లుబ్లియానాకు, ప్రపంచ జూనియర్ పోటీకి వెళ్ళింది. అక్కడ రెండో స్థానంలో నిలిచింది. గెలిచింది దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యునా. ఆమె పుట్టింది 1990 సెప్టెంబర్ 5న. ఆమెకూ టురిన్ తలుపు మూసే ఉంది. నాలుగేళ్ళకు వాంకోవర్‌లో ఆ ఇద్దరే స్వర్ణ, రజతాలు పంచుకున్నారు. అప్పుడూ కిమ్ ముందు, అసాదా వెనుక. జపాన్‌కు టురిన్‌లో స్వర్ణం రాలేదనుకునేరు. వచ్చింది, షిజుకా అరకావా గెలిచింది. అసాదా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది గానీ ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఎప్పటికీ దక్కలేదు.

ఇప్పుడు గీతకు ఇవతలి వాళ్ళు. 1997లో పద్నాలుగేళ్ళకు ప్రపంచ చాంపియన్, 1998లో పదిహేనేళ్ళకు నగానో ఒలింపిక్ చాంపియన్ అయిన తారా లిపిన్‌స్కీ జూన్‌లో పుట్టింది. పదిహేనేళ్ళ నిబంధన వచ్చేసరికి ఆమె అప్పటికే సీనియర్ ప్రపంచ పోటీలో ఆడి ఉండటంతో మినహాయింపు కూడా దొరికింది. 2014 సోచిలో జట్టు స్వర్ణం గెలిచిన యూలియా లిప్నిత్స్కాయాదీ జూన్. 2018 ఒలింపిక్ చాంపియన్ అలీనా జగితోవాది మే. 2022 బీజింగ్ ఒలింపిక్స్ ఆడిన కమీలా వలియెవాది ఏప్రిల్. పట్టిక ముందు పెట్టుకుని ఈ నెలలు వరసగా చదువుతుంటే, ఈ క్రీడలో ప్రతిభతో పాటు పురిటి గది క్యాలెండర్‌కూ ఓటు ఉందని అనిపిస్తుంది. సోచి సింగిల్స్ చాంపియన్ అదెలినా సోత్నికోవా సంగతి మరీ చోద్యం. ఆమె పుట్టినరోజే జులై 1. పన్నెండేళ్ళకే రష్యా సీనియర్ జాతీయ టైటిల్ గెలిచిన ఆ పిల్లను అప్పుడు ఏ ప్రపంచ పోటీకీ పంపే వీల్లేకపోయింది.

అసాదాలాంటి మరో ఉదాహరణ రష్యా అమ్మాయి ఎలెనా రదియోనోవా. 2013-14లో సీనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో నాలుగో స్థానం, వయసు చాలక సొంత దేశంలో జరిగిన సోచి ఒలింపిక్స్‌కు దూరం, చివరికి ప్రపంచ జూనియర్ టైటిల్ వరసగా రెండోసారి. అప్పటి నిబంధనల్లోని ఈ చిల్లే పిల్లల్ని ఏకకాలంలో రెండు పడవల్లో నిలబెట్టింది.

ఆ రోజుల్లో రష్యాలో పరిస్థితి వేరే స్థాయికి వెళ్ళింది. జగితోవా 2016 డిసెంబర్‌లో జూనియర్‌గా ఉండగానే రష్యా సీనియర్ జాతీయ పోటీల్లో రెండో స్థానం తెచ్చుకుంది, 2017లో ప్రపంచ జూనియర్ చాంపియన్, 2018లో ఒలింపిక్ చాంపియన్, 2019లో ప్రపంచ చాంపియన్. ఆ ఏడాది డిసెంబర్‌లో పోటీలకు విరామం ప్రకటించింది. అప్పటికి పదిహేడేళ్ళు. లిప్నిత్స్కాయా అయితే పంతొమ్మిదేళ్ళకే ఆట మానేసి, అనొరెక్సియాకు చికిత్స తీసుకున్నానని బయటపెట్టింది. ఈ ముగ్గురు అమ్మాయిలూ, లిప్నిత్స్కాయా, జగితోవా, వలియెవా, ఎతెరి తుత్బెరిద్జె శిక్షణలోనివాళ్ళే. ఒకరు పెరిగి జంప్‌లు తగ్గేసరికి ఇంకొకరు జూనియర్ నుంచి సిద్ధంగా వచ్చేస్తున్నారు. ప్రేక్షకులు పేర్లు నేర్చుకునేలోపే పేర్లు మారిపోతున్నాయి.

బీజింగ్ 2022 ఆ గుట్టంతా రచ్చకెక్కించింది. పదిహేనేళ్ళ వలియెవా ఒలింపిక్స్‌లో క్వాడ్ దిగిన మొదటి అమ్మాయి. ఆ మరుసటి రోజే, డిసెంబర్ 25న ఇచ్చిన నమూనాలో ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు దొరికిందన్న ఫలితం వచ్చింది. పదహారు నిండనిది కాబట్టి నిబంధనల్లో ‘రక్షణ పొందే వ్యక్తి’. ఆ కారణంగా సింగిల్స్ ఆడనిచ్చారు. ఫ్రీ స్కేట్‌లో పడుతూ లేస్తూ నాలుగో స్థానానికి జారిన ఆ పిల్లను ప్రపంచమంతా చూసింది. 2024 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమెపై 2021 డిసెంబర్ నుంచి నాలుగేళ్ళ నిషేధం వేసింది. ఆమె ఆడిన జట్టు గెలిచిన స్వర్ణం అమెరికాకు వెళ్ళింది. మందు ఎలా వచ్చిందన్న వాదన ఒక ఎత్తు. పెద్దవాళ్ళ ఆటలో పెద్దవాళ్ళ ఒత్తిడి మోస్తూ, శిక్ష దగ్గరికి వచ్చేసరికి పిల్లగా లెక్కకొచ్చే వయసులో ఒకరిని నిలబెట్టడం ఇంకో ఎత్తు.

బీజింగ్ ఒలింపిక్స్ జరిగిన నాలుగు నెలలకు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఐఎస్‌యూ సమావేశమైంది. సీనియర్ కనీస వయసు పెంచే ప్రతిపాదనకు అనుకూలంగా 100 ఓట్లు, వ్యతిరేకంగా 16. ఒక్కసారిగా పెంచలేదు. 2022-23లో పదిహేను, ఆ తర్వాతి సీజన్ పదహారు, 2024-25 నుంచి పదిహేడు. నిజానికి ఈ ఆలోచన వలియెవాకు ముందే ఉంది, వైద్యులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. చేతులు పైకి లేవడానికి మాత్రం బీజింగ్ కావాల్సి వచ్చింది.

కాల్గరీ ఫొటోలో ముగ్గురు

కొత్త నిబంధన ఎవరికి ఎలా తగిలిందో 2023లో కాల్గరీ ప్రపంచ జూనియర్ బాలికల పోడియం ఫొటో చూస్తే తెలుస్తుంది. మధ్యలో స్వర్ణంతో మావో షిమాడా. ఒక పక్క రజతంతో దక్షిణ కొరియాకు చెందిన షిన్ జియా. ఇంకో పక్క కాంస్యంతో అమి నకాయ్. ముగ్గురూ పుట్టింది 2008లోనే. షిన్ మార్చిలో, నకాయ్ ఏప్రిల్‌లో, షిమాడా అక్టోబర్ 30న. 2026 మిలాన్ ఒలింపిక్స్‌కు 2025 జులై 1 నాటికి పదిహేడు నిండాలి. షిన్ వెళ్ళింది. నకాయ్ వెళ్ళి కాంస్యం గెలుచుకొచ్చింది. ఆ ఫొటోలో అందరికన్నా ఎత్తున నిలబడిన షిమాడా ఇంట్లో ఉండిపోయింది.

ఇంకో మాట. షిమాడాకు ఆ పేరు మావో అసాదాను చూసి పెట్టారు. ఇరవై ఏళ్ళ తేడాతో ఇద్దరు మావోలు అదే జులై 1 దగ్గర ఆగిపోయారు. కల్పిత కథలో రాస్తే ‘మరీ అతికించినట్టుంది’ అని ఎడిటర్ కొట్టేసేవాడు.

షిమాడా ఖాళీగా కూర్చోలేదు. 2023, 2024, 2025లో వరసగా ప్రపంచ జూనియర్ టైటిళ్ళు గెలిచింది. మూడుసార్లూ రెండో స్థానం షిన్‌దే. ఈలోగా స్వదేశంలో సీనియర్లతో పోటీ. జపాన్ పద్ధతిలో నవంబర్‌లో జరిగే జూనియర్ జాతీయ పోటీలో ముందు నిలిచినవాళ్ళను డిసెంబర్ సీనియర్ జాతీయ పోటీకి ఆహ్వానిస్తారు. ఐఎస్‌యూ వయసు హద్దు అంతర్జాతీయ పోటీలకే, ఒక దేశం తన ఇంట్లో ఏం చేసుకుంటుందన్నది దాని ఇష్టం. అలా పద్నాలుగేళ్ళ షిమాడా 2022లో జపాన్ సీనియర్లలో మూడో స్థానం, 2023లో మళ్ళీ మూడు, 2024లో రెండో స్థానం తెచ్చుకుంది. 2022లోనూ, ఆ తర్వాతి రెండేళ్ళలోనూ ఆమెకు పైన ఉన్నది కవోరి సకమోతో. మూడేళ్ళు వరసగా ప్రపంచ చాంపియన్ అయిన ఆమెతో పోటీ పడి వచ్చి, ఫిబ్రవరి, మార్చిలో మళ్ళీ తన ఈడు పిల్లలతో ఆడటం. ఒలింపిక్ పతకం తేగల అమ్మాయిని వయసు పేరుతో ఆపడం అన్యాయమని జపాన్ అభిమానులకు అనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నాకు మాత్రం ఈ నిబంధన మీద ఫిర్యాదు లేదు. షిమాడాకు జరిగింది నష్టమే, కాదనను. కానీ నష్టం ఒక్క ఒలింపిక్స్‌ది. మిలాన్ మహిళల పోడియం చూడండి: స్వర్ణం ఆలిసా ల్యూకు ఇరవై ఏళ్ళు, రజతం సకమోతోకు ఇరవై అయిదు, కాంస్యం నకాయ్‌కు పదిహేడు. పద్నాలుగు, పదిహేనేళ్ళకు పైకి వచ్చి పద్దెనిమిదికి కనుమరుగైపోయే వరస తెగింది. పెద్దవాళ్ళయ్యాక కూడా ఆడే చోటుగా ఈ ఆట మళ్ళీ కనిపిస్తోంది.

పోడియం ఎక్కించాల్సి వచ్చిన చాంపియన్

ఆ పోడియంలో మధ్యన నిలబడ్డ ల్యూ కథ ఈ రెండు తలుపుల చిక్కుకు అచ్చమైన ఉదాహరణ. 2019 జనవరిలో డెట్రాయిట్‌లో ఆమె అమెరికా సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. వయసు పదమూడు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ ఇంకెవరూ గెలవలేదు. ఎంత పొట్టిగా ఉండేదంటే రజత, కాంస్య విజేతలు చెరోపక్కా చెయ్యి అందించి పోడియం పై మెట్టు ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత? దేశమంతటికీ చాంపియన్, కానీ ప్రపంచ పోటీకి పంపలేరు. సీనియర్ సంగతి సరే, ఆగస్టులో పుట్టింది కాబట్టి ఆ ఏడాది ప్రపంచ జూనియర్ పోటీకి కూడా వయసు చాల్లేదు.

2020లో మళ్ళీ జాతీయ సీనియర్ టైటిల్ నిలబెట్టుకుంది. ఆ సీజన్‌లో అంతర్జాతీయంగా ఆడింది మాత్రం జూనియర్ గ్రాండ్ ప్రీ. లేక్ ప్లాసిడ్‌లో క్వాడ్ లుట్జ్ దిగి, పోటీలో క్వాడ్ చేసిన మొదటి అమెరికన్ అమ్మాయి అయింది. జూనియర్ ఫైనల్‌లో రజతం, ప్రపంచ జూనియర్ పోటీలో కాంస్యం. రెండు చోట్లా మొదటి స్థానం వలియెవాది. ఇంట్లో పెద్దరాణి, బయట చిన్నపిల్ల. ఒకే సీజన్‌లో ఆ రెండు పాత్రలూ మోసి, 2022లో బీజింగ్ ఒలింపిక్స్ ఆడి, మోంపెల్లియేలో ప్రపంచ కాంస్యం గెలిచి, ఏప్రిల్‌లో ఇక చాలని రిటైరైంది. అప్పుడు పదహారేళ్ళు. మాలినిన్ టాలిన్‌లో జూనియర్ కిరీటం పెట్టుకున్న నెలలోనే, అతని కన్నా చిన్నదైన ఈ అమ్మాయి రిటైర్మెంట్ ప్రకటించిందన్నమాట!

రెండేళ్ళు మంచు మీద కాలు పెట్టలేదు. చదువు, స్నేహితులు, ప్రయాణాలు. ఒకసారి స్కీయింగ్‌కు వెళ్ళినప్పుడు వంట్లో పాత ఉత్సాహం మళ్ళీ కదిలిందని ఆమే చెప్పింది. 2024లో తిరిగి వచ్చింది. ఈసారి సంగీతం, దుస్తులు, ఎంత సాధన చేయాలో, అన్నీ తన ఇష్టప్రకారమే. 2025లో బోస్టన్‌లో ప్రపంచ చాంపియన్, 2026లో ఒలింపిక్ చాంపియన్. పద్నాలుగేళ్ళప్పటి క్వాడ్ ఆమె దగ్గర ఇప్పుడు లేదు. అది లేకుండానే గెలిచింది.

మరి మాలినిన్? 2022 సెప్టెంబర్ 14న లేక్ ప్లాసిడ్‌లో పోటీలో క్వాడ్ ఆక్సెల్ దిగిన మొదటి మనిషి అయ్యాడు. ఎవరివల్లా కాదనుకున్న జంప్ అది. 2024, 2025లో ప్రపంచ చాంపియన్. మిలాన్‌కు అతను ఫేవరెట్‌గా దిగాడనడం కూడా చిన్నమాటే. స్వర్ణం అతనిదేనని దాదాపు అందరూ రాసేసుకున్నారు. ఫ్రీ స్కేట్‌లో జంప్‌లు తప్పి, కింద పడి, ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. స్వర్ణం గెలిచింది టాలిన్‌లో నలభై పాయింట్ల వెనక నిలబడ్డ ఆ షైదొరోవ్. జూనియర్ పోటీ ఫలితాల్లో భవిష్యత్తు వెతికే అలవాటు ఉన్నవాళ్ళు ఆ రెండు స్కోరు కార్డుల్నీ పక్కపక్కన పెట్టుకోవాలి.

షిమాడా విషయానికొస్తే, 2026 జులై 1కి ఆమెకు పదిహేడు నిండి ఉంటాయి. అంటే సీనియర్ తలుపు తెరుచుకుంటుంది, జూనియర్ తలుపు 2027-28 సీజన్ పూర్తయ్యేదాకా మూసుకోదు. రెండు సీజన్లు రెండు చోట్లా ఆడే హక్కు ఆమెకుంది. మియురాలా ఫిబ్రవరిలో అటు, మార్చిలో ఇటు తిరగొచ్చు. జపాన్ మూడు చోట్ల కోసం కొట్లాట ఎంత గట్టిగా ఉంటుందో తెలిసిందే కాబట్టి, ఏదో ఒక డిసెంబర్‌లో జాతీయ పోటీలో ఒక్క జంప్ జారితే ఆ జూనియర్ తలుపు అక్కరకు రావచ్చు కూడా. జూనియర్లలో ఆమె గెలవాల్సిందేమీ మిగల్లేదు కాబట్టి అటు వెళ్ళదనే నేను పందెం కాస్తాను. 2030 ఒలింపిక్స్ ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో. అప్పటికి షిమాడాకు ఇరవై ఒకటి, మిలాన్‌లో గెలిచిన ల్యూ కన్నా ఒక ఏడాది ఎక్కువ.